విశ్వాసాన్ని బట్టి ఆట

అయినా పాచిక బల్ల కిందికి దొర్లిపోయినప్పుడు మనిషి "దేవుడా" అంటే అది ఎవరినైనా పిలిచినట్టా, లేక తలుపు సందులో వేలు పడ్డప్పుడు "అబ్బా" అన్నట్టేనా అన్న ప్రశ్న నేను ముందే వేసుకుని ఉండవలసింది. వేసుకోలేదనడం కూడా నిజం కాదు. వేసుకున్నాను. రెండు మూడు రోజులు మనసులో అటూ ఇటూ తిప్పాను. ఇంతలో గడువు దగ్గర పడింది, నివేదిక ఇచ్చేశాను. నా జీవితంలో చాలా ప్రశ్నలు ఇలా గడువు దగ్గర పడటం వల్లనే తీరిపోయాయి.

మా ఊళ్ళో పురపాలక వినోద కేంద్రం అని ఒకటి ఉంది. పాత ధాన్యం గిడ్డంగికి సున్నం కొట్టి, ఫ్యాన్లు బిగించి, గుమ్మం మీద బోర్డు పెట్టారు. లోపల ఒకటే పెద్ద హాలు. చదరంగం బల్లలు, కారమ్స్ బల్లలు, గోడవారగా చాపల మీద వైకుంఠపాళి పటాలు. మూల గదిలో ఎనిమిది కంప్యూటర్లు. నేను అక్కడ ప్రవర్తనా పరిశీలకుణ్ణి. మనస్తత్వశాస్త్రంలో ఎం.ఏ. చదివినవాడికి మా ఊళ్ళో దొరికే ఉద్యోగం అదొక్కటే. ఓ కుర్చీలో కూర్చుని, జనం ఎలా ఆడుతున్నారో రాయాలి. గెలిచినవాడు ముందు ఎటు చూస్తాడు, ఓడినవాడు చెప్పులు వేసుకోవడానికి ఎంతసేపు తీసుకుంటాడు, ఇలాంటివి. ఏడేళ్ళుగా రాస్తున్నాను. ఎవరూ చదవలేదు. నాకది హాయిగానే ఉండేది.

రోజుకు ముప్పావుగంట మాత్రం నేను ఎవరినీ పరిశీలించను. సాయంత్రం ఐదింటికి కుర్చీ దిగి, హైమవతి గారితో ఒక ఆట వైకుంఠపాళి ఆడతాను. ఐదేళ్ళుగా ఇదే అలవాటు. హైమవతి గారు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. భర్త లేరు. దేవుడూ లేడు. ఆ రెండో సంగతి ఆవిడకు పందొమ్మిదో ఏట, ఒక ఆదివారం మధ్యాహ్నం, గారెలకు పప్పు రుబ్బుతూ ఉండగా తెలిసింది. పప్పు నలిగేలోపల స్థిరపడిపోయిందని చెబుతారు. పట్టు విడవని నాస్తికురాలు రోజూ సాయంత్రం "భక్తి" అని రాసి ఉన్న గడి నుంచి నిచ్చెన ఎక్కి పైకి పోతూ ఉంటే చూడటం నాకు సరదాగా ఉండేది. ఒకసారి అడిగాను కూడా.

"ఈ ఆటే ఎందుకండీ మీకు?"

"ఇందులో ఎవడి పెత్తనమూ లేదయ్యా నీలకంఠం. మంచివాడికి పాము, దొంగవెధవకి నిచ్చెన. నేను మొదట్నుంచీ చెబుతున్నది అదే గదా."

పెద్ద పాము మింగిన ప్రతిసారీ మాత్రం ఆవిడ "ఓరి దేవుడా" అనేవారు. అదేమిటంటే నవ్వేవారు. "ముప్ఫై మూడేళ్ళు హలో అన్నాను. సగం సార్లు అవతల ఎవరూ లేరు."

నేను ఆ మాట కూడా నోట్‌బుక్కులో రాసుకున్నాను. సర్వే చేసేటప్పుడు మాత్రం గుర్తు తెచ్చుకోలేదు.

సర్వే సంగతి ఇది. పోయిన వేసవిలో రాజధాని నుంచి ఉత్తర్వు వచ్చింది. ప్రతి పట్టణమూ ఒక అధ్యయనం జరపాలి, ఆ అధ్యయనం నుంచి ఒక విధానం పుట్టాలి, పుట్టిన విధానానికి ఫొటో తీసి పంపాలి. మా కమిషనర్ విద్యాసాగర్ గారు విషయం కూడా తనే ఎంపిక చేశారు: పౌరుల విశ్వాసాలకూ వారి క్రీడాభిరుచులకూ గల సంబంధం. ఎందుకు ఈ విషయమే అని అడిగితే, ఇంతవరకూ ఎవరూ చేయలేదు కాబట్టి అన్నారు. ఎవరూ చేయకపోవడానికి కూడా ఏదో కారణం ఉండవచ్చని నాకు తోచింది. తోచినవన్నీ పైకి చెప్పే స్వభావం కాదు నాది.

మనిషిని "దేవుణ్ణి నమ్ముతావా" అని అడిగితే నిజం రాదు. అడిగినవాడి ముఖం చూసి జవాబు చెబుతాడు. అత్తగారి ముందు ఒకటి, స్నేహితుల ముందు ఒకటి. అందుకని నేను ఎవరినీ అడగలేదు. ఆట ఆడుతూ ఉండగా మనిషి నోట తనకు తెలియకుండా దేవుడి పేరు వస్తే విశ్వాసుల గడిలో ఒక టిక్కు. ఆట ముగిసేదాకా రాకపోతే రెండో గడిలో. అనుకోకుండా జారిన మాటే అసలు మాట అని మా శాస్త్రంలో ఒక పాత నమ్మకం ఉంది. ఆ పద్ధతి చూసుకుని నేను లోలోపల కొంచెం మురిశాను కూడా.

పాచికలాటలు ఆడే నలభైమందిలో ముప్ఫై ఏడుగురు రాముణ్ణో, యేసునో, అల్లానో, గ్రామదేవతనో తలుచుకున్నారు. ఒకాయన నలుగుర్నీ వరసగా తలుచుకుని ఒక టిక్కుతోనే సరిపెట్టుకున్నాడు. చదరంగం ఆడే ఇరవై ఎనిమిదిమందిలో ఇద్దరే నోరు విప్పారు, అదీ కరెంటు పోయినప్పుడు. నివేదిక చివర రాశాను: "పాచికలాటలకూ దైవ విశ్వాసానికీ మధ్య బలమైన అనుబంధం కనిపిస్తోంది. అయితే..." ఆ "అయితే" తర్వాత నాలుగు పేజీలు ఉన్నాయి.

కమిషనర్ గారు "అయితే" దగ్గర ఆగారు.

"నీలకంఠం గారూ, మీరు ఏం చేశారో మీకు తెలియదు," అన్నారు, నన్ను తన గదికి పిలిపించి.

"ఆ అనుమానం నాకూ ఉందండి."

"విశ్వాసి విధికి లోబడతాడు. విధి అంటే పాచిక. అవిశ్వాసి స్వీయ బుద్ధిని ఆశ్రయిస్తాడు. బుద్ధి అంటే చదరంగం. ఇంత మౌలికమైన సత్యం ఇన్ని దశాబ్దాలుగా పరిపాలన దృష్టికి రాకపోవడం మిక్కిలి విచారకరం."

"ఆ చివర 'అయితే' అన్న తర్వాత కొన్ని..."

"అయితే తర్వాతవి అమలు దశలో పరిశీలిద్దాం."

పదిరోజుల్లో ఉత్తర్వు వచ్చింది. దాని పేరు విశ్వాసానుగుణ క్రీడా కేటాయింపు విధానం. "పౌరుడు తన అంతరంగ స్థితికి విరుద్ధమైన క్రీడలో పాల్గొనుట వలన అతని మనశ్శాంతికి భంగము, ప్రజాధనముతో కొన్న బల్లలకు దుర్వినియోగము సంభవించుచున్నవి గనుక" అని మొదలై రెండు పేజీలు నడిచింది. హాలు మధ్య కొబ్బరి పీచు తాడు కట్టారు. దక్షిణం వైపు పాచిక విభాగం, విశ్వాసులకు. పసుపు కార్డు. ఉత్తరం వైపు మేధో విభాగం, అవిశ్వాసులకు. నీలం కార్డు. ఎటూ తేలనివాళ్ళ కోసం తాడు పక్కనే ఒక బెంచీ వేసి, గోడకు "నిర్ధారణ పెండింగ్" అని రాయించారు. బెంచీ మీద కూర్చోవచ్చు, చూడవచ్చు, ఆడకూడదు. సిబ్బందికి మాత్రం తమ విశ్వాస స్థితి ప్రకటించడానికి నెల గడువు ఇచ్చారు. అంతదాకా పాచిక వైపు ఆడుకోవచ్చు, మేధో వైపుకు మాత్రం నీలం కార్డు ఉండాలి.

మొదటిరోజే వేణుగోపాలస్వామి గుడి అర్చకులు రంగాచార్యులు గారు వచ్చారు. మధ్యాహ్నం నైవేద్యం అయ్యాక గుడి మూసి, సాయంత్రం మళ్ళీ తెరిచేదాకా చదరంగం ఆడటం ఆయన పాతికేళ్ళ అలవాటు. ఊళ్ళో ఆయన్ని ఓడించినవాడు లేడు. గుమ్మం దగ్గర వాచ్‌మన్ పైడిరాజు ఆయన చేతిలో పసుపు కార్డు, ఒక పాచిక పెట్టాడు.

"ఇదేమిట్రా?"

"మీకు ఇచ్చిందదేనండి ఆచారిగారూ. మీరు నమ్మినోలు గదా."

"నమ్మాను కాబట్టే వద్దంటున్నాను. పాచిక అంటే నాకు రోత. దానికో నీతీ నియమం లేదు. స్వామి సృష్టిలో ప్రతిదీ ఒక పద్ధతిలో నడుస్తుంది. గుర్రం గుర్రంలా, ఏనుగు ఏనుగులా. అది చదరంగంలో తప్ప ఎక్కడ కనిపిస్తుంది?"

"నమ్మనని రాసిచ్చీండి, ఆడుకుందురు గాని."

ఆచార్యులు గారు పాచికను పైడిరాజు చేతిలోనే తిరిగి పెట్టారు. "సాయంత్రం ఆరింటికి స్వామి ముఖం చూడాలిరా నేను," అని కమిషనర్ గారికి అర్జీ పెట్టుకోవడానికి వెళ్ళిపోయారు.

అర్జీ మీద సానుభూతితో నిర్ణయం జరిగింది. విశ్వాసులు చదరంగం ఆడుకోవచ్చు. కాకపోతే ఏ పావును కదపాలో పాచిక చెబుతుంది. ఒకటి పడితే బంటు, రెండు గుర్రం, ఇలా ఆరు పడితే రాజు. ఆచార్యులు గారు కళ్ళు మూసుకుని పాచిక వేశారు. ఆరు. చుట్టూ సొంత బలగమే నిలబడి ఉండటం వల్ల రాజు కదలడానికి చోటు లేదు. మళ్ళీ వేశారు. ఆరు. మూడోసారీ ఆరే. పైడిరాజు రిజిస్టరులో "భక్తుడు కనిపెట్టుకొని ఉన్నాడు" అని రాశాడు. నాలుగున్నరకు ఆచార్యులు గారు ఉత్తరీయం దులుపుకుని లేచారు.

ఇక్కడితో ఆగినా బాగుండేది. కంప్యూటర్ల గది ఏ విభాగంలోకి వస్తుందన్న ప్రశ్న పుట్టింది. అక్కడి ఆటల్లో మనిషి, లేదా కోతి, లేదా కుందేలు చచ్చిపోతుంది, మళ్ళీ లేస్తుంది. మూడు ప్రాణాలు. ఇది పునర్జన్మ సిద్ధాంతమేనని కమిషనర్ గారు మూడోరోజే పసిగట్టారు. అనుబంధ ఉత్తర్వు వెలువడింది. పునర్జన్మను అంగీకరించేవారికి మూడు ప్రాణాలు. అంగీకరించనివారికి ఒకటి. అవిశ్వాసులకు ఒక ప్రాణం పోయాక తెరను వెంటనే ఆర్పివేయాలి, స్కోరు చూపరాదు. "మరణానంతరము ఫలితములు చూపుట వారి అభిప్రాయములను గాయపరచవచ్చును."

ఎస్తేరు రాణి గారు బాలికల పాఠశాలలో లెక్కల టీచరు. బడి వదలగానే వచ్చి, గోతుల మీదుగా దూకే కోతి ఆట ఆడి ఇంటికి పోయేవారు. ఆవిడ సరాసరి కమిషనర్ గారినే, ఆయన తనిఖీకి వచ్చిన రోజు పట్టుకున్నారు.

"నాకొక్కటే ప్రాణమా అండీ?"

"మీ సిద్ధాంతం ప్రకారం అమ్మా. మేము కల్పించింది ఏమీ లేదు."

"మా సిద్ధాంతంలో పునరుత్థానం ఉందండి. చచ్చినోళ్ళు లేస్తారండి."

కమిషనర్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. న్యాయమైన అభ్యంతరాలు ఎదురైనప్పుడు ఆయన అలాగే చేస్తారు. "లేస్తారు. కాదనను. కానీ అది అంతిమ దినాన. ఆ రోజున మీరు వచ్చి, ఆపిన చోటు నుంచి ఆడుకోవచ్చు. ఆ వెసులుబాటు ఇప్పుడే మంజూరు చేస్తున్నాను."

పైడిరాజు గొంతు సవరించుకున్నాడు. "ఆ రోజు మనకి సెలవు కాదు గదా బాబూ?"

"పరిశీలించి తెలియజేస్తాం," అన్నారు కమిషనర్ గారు. నన్ను ఆ అంశం నమోదు చేసుకోమన్నారు. చేసుకున్నాను.

మూడు ప్రాణాలు దొరికినవాళ్ళకు కూడా సుఖం లేకపోయింది. మొదటి జన్మలో కోతి చేసిన పనుల్ని బట్టి రెండో జన్మలో ఏ జంతువు కావాలో నిర్ణయించకపోతే అది సిద్ధాంతాన్ని అపహాస్యం చేయడమేనని ఎవరో ఫిర్యాదు చేశారు. అలాంటి ఏర్పాటు ఆటలో లేదు. టెండరు పిలిచారు. అది ఖరారయ్యేదాకా విశ్వాసుల కోతి మొదటిసారి గోతిలో పడ్డాక అక్కడే ఉండాలి.

ఇవన్నీ నేను నా కుర్చీలోంచి చూస్తూనే ఉన్నాను. బాధపడ్డానా అంటే, నిజం చెప్పాలి, అంతగా లేదు. హైమవతి గారికి పసుపు కార్డు వచ్చింది. సర్వేలో ఆవిడ పేరు ఎదురుగా నేను పెట్టిన టిక్కు విశ్వాసుల గడిలో ఉంది మరి. "ఓరి దేవుడా" అని ఒక్కరోజే నాలుగుసార్లు అన్నారు. పసుపు కార్డు అంటే వైకుంఠపాళి. వైకుంఠపాళి అంటే నా ఐదింటి ఆట భద్రం. మిగతా ఊరి మనశ్శాంతి సంగతి ఊరు చూసుకుంటుందని మనసులో ఒక మూల అనుకున్నట్టు, ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే, కనిపిస్తోంది.

రెండో వారంలో ఒకరోజు, ఆట మధ్యలో, ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని కార్డు వెనకవైపు చదివారు. ఈ కార్డుదారు దైవ విశ్వాసి అని ధ్రువీకరించడమైనది.

"ఎవరు రాశారిది?"

"నియమావళి ప్రకారం, మొదటి సర్వేలో వచ్చిన వివరాల్ని..."

"ఎవరు అంటున్నాను."

"నేనేనండి."

ఆవిడ పాచిక కింద పెట్టేశారు. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. అదే ఇబ్బంది అయింది. "మార్పించు," అన్నారు.

"వెనకవైపు ఎవరూ చదవరండి."

"నేను చదివాను గదా."

"మారిస్తే నీలం కార్డు వస్తుంది. అటువైపు ఈ ఆట ఉండదు. మీకు చదరంగం రాదు."

"రాదు."

"మరి ఐదింటికి..." అని నేను ఆగిపోయాను.

హైమవతి గారు పటాన్ని చాప మీద మెల్లగా మడిచారు. "చూడు అబ్బాయ్. మా ఆయన పోయినప్పుడు చుట్టాలంతా చేరి, తలదగ్గర ఒక్క దీపం పెట్టవే అని కాళ్ళా వేళ్ళా పడ్డారు. పెట్టలేదు. ఆయనకీ ఇష్టం లేదు, నాకూ లేదు. మా ఆడపడుచు ఇప్పటికీ నాతో మాట్లాడదు. అప్పుడు పెట్టనిదాన్ని ఇప్పుడు పాములూ నిచ్చెనల కోసం పెడతానా? నువ్వే చెప్పు."

ఆ రాత్రి కాదు, ఆ క్షణంలోనే నన్ను నేను విశ్లేషించుకున్నాను. ఆవిడను పసుపు జాబితాలో ఉంచాలన్న నా పట్టుదల శాస్త్రం కోసమా, ముప్పావుగంట కోసమా? జవాబు వెంటనే తెలిసింది. తెలియడం వల్ల ఏమీ మారదన్నది నా చదువు నాకు నేర్పిన పెద్ద పాఠం.

కార్డు మార్చాలంటే అవిశ్వాస నిర్ధారణ కమిటీ కూర్చోవాలి. కమిషనర్ గారు అధ్యక్షులు, నేను శాస్త్ర నిపుణుణ్ణి, రంగాచార్యులు గారు మత నిపుణులు. పరీక్షా పద్ధతి నా నివేదికలోంచే తీసుకున్నారు: అభ్యర్థికి తెలియకుండా, అనుకోని మాట రప్పించాలి. హైమవతి గారు కుర్చీలో కూర్చోగానే వెనక నుంచి పైడిరాజు పాతిక స్టీలు పళ్ళేలు గచ్చు మీద పడేశాడు.

కమిషనర్ గారు "నారాయణ" అన్నారు. నేను ఏదో అన్నాను, ఏమన్నానో నాకే తెలియదు. హైమవతి గారు తల కూడా తిప్పలేదు.

చివరి పళ్ళెం గిరగిరా తిరిగి పడిపోయేదాకా అందరం ఎదురుచూశాం.

"అభ్యర్థిని ఏమీ అనలేదు," అన్నారు కమిషనర్ గారు. "కాని ఇది మౌన ప్రార్థన కాదని ఏ ఆధారంతో నిర్ధారించగలం?"

"ఎక్స్ఛేంజిలో చేశానండి," అన్నారు హైమవతి గారు. "చప్పుడైనప్పుడల్లా తల తిప్పితే లైన్లు కలవవు."

రంగాచార్యులు గారు అప్పటిదాకా కిటికీలోంచి నీలం వైపు చదరంగం బల్లల్ని చూస్తున్నారు. ఇటు తిరక్కుండానే మాట్లాడారు. "ఈవిడ మా గుడి ముందు నుంచి పాతికేళ్ళుగా నడుస్తోంది. ఒక్కనాడు చెప్పు విడవలేదు, ఒక్కనాడు లోపలికి తొంగి చూడలేదు. ఉత్సవంలో స్వామి ఎదురుగా వస్తే పక్కకు తప్పుకుని, గొడుగు సరిచేసుకుని వెళ్ళిపోయింది. ఇంత నిష్ఠ నా భక్తుల్లో ఒక్కరికి లేదు. నీలం కార్డు ఇచ్చెయ్యండి."

ఫారం కింద పరిశీలకుడి సంతకం నాది. చేశాను.

ఆ మర్నాటి నుంచి ఐదింటికి హైమవతి గారు తాడుకు అటువైపు, చదరంగం బల్ల ముందు కూర్చోవడం మొదలుపెట్టారు. ఎదుటి కుర్చీ ఖాళీ. మేధో విభాగంలో మొత్తం నలుగురే ఉన్నారు. బాగా ఆడేవాళ్ళంతా ఇళ్ళల్లో పూజలూ ప్రార్థనలూ చేసేవాళ్ళేనని తేలి, నీలం కార్డులు వాపసిచ్చి పసుపువి తీసుకున్నారు. ఆ నలుగురూ ఇద్దరిద్దరుగా ఆడుకునేవాళ్ళు. ఆవిడ పావులన్నీ వరసగా పేర్చి, ఫ్లాస్కులోంచి టీ పోసుకుని తాగి, పావుల్ని మళ్ళీ పెట్టెలో సర్ది ఇంటికి వెళ్ళేవారు. నేను పెండింగ్ బెంచీ మీద కూర్చునేవాణ్ణి. మా మధ్య మూడు బారల దూరం కూడా లేదు.

"ఈ గుర్రం ఎలా నడుస్తుందయ్యా?" అని ఒకరోజు అడిగారు.

"రెండు గళ్ళు తిన్నగా, ఒకటి పక్కకి..."

పైడిరాజు వచ్చి నిలబడ్డాడు. "బెంచీ మీద కూకున్నోలు సలహా సెప్పకూడదని రాసుంది బాబూ."

"గుర్రం గురించి కూడానా?" అన్నారు హైమవతి గారు.

"గుర్రవైనా, ఏనుగైనా అంతేనమ్మా. నానేటి సేసేది, రాసుంది."

ఆవిడ గుర్రాన్ని చేతిలో పట్టుకుని కాసేపు చూసి, దాని చోట పెట్టేశారు. ఆ రోజు టీ తాగకుండానే లేచారు. అలా ఆవిడ ఇంకెన్నాళ్ళు వస్తారో లెక్క కట్టడానికి మనస్తత్వశాస్త్రం అక్కర్లేదు. ప్రతిఫలం లేని అలవాటు ఎంత త్వరగా చచ్చిపోతుందో నేనే ఒకప్పుడు వ్యాసం రాశాను.

మర్నాడు పొద్దున్నే కమిషనర్ గారి దగ్గరికి వెళ్ళి, నా సర్వే తప్పని చెప్పాను.

"తప్పంటే?"

"నేను లెక్కపెట్టింది నాలుకల్నండి. నమ్మకాల్ని కాదు. పాచికలాటలో గట్టిగా అరుస్తారు, చదరంగంలో నోరు మూసుకుంటారు. అంతే తేడా. మౌనంగా ఆడే విశ్వాసులు రెండో గడిలో పడ్డారు. రంగాచార్యులు గారే మొదటి లెక్కలో అవిశ్వాసులు. అర్చకులు కదా అని నేను చేత్తో దిద్దాను."

కమిషనర్ గారు కుర్చీలో వెనక్కి వాలారు. నన్ను దయగా చూశారు. "నీలకంఠం గారూ, మీ నిజాయతీ అభినందనీయం. కానీ విధానం రాజధానికి చేరింది. ఆరు పట్టణాలు తాళ్ళు కొన్నాయి. ఒకసారి విధాన నిర్ణయం జరిగాక, దానికి అనుగుణంగా నడుచుకోవలసిన బాధ్యత వాస్తవాల మీద కూడా ఉంటుంది. మీరు చెప్పినదాన్ని 'క్షేత్రస్థాయి సందేహం' కింద దాఖలు చేయిస్తాను." ఫైలు తిప్పి ఒక కాగితం పైకి తీశారు. "ఇంతకీ మీ స్వీయ విశ్వాస ప్రకటన ఇంకా అందలేదు. రేపటితో నెల పూర్తి. రేపు సాయంత్రం లోపల ఇవ్వకపోతే బెంచీ మీద కూర్చునే అర్హత కూడా పోతుంది. పరిశీలకుడే అనిర్ధారితంగా ఉండటం వ్యవస్థకు శోభనివ్వదు."

ఫారంలో రెండు గళ్ళున్నాయి. ఆ సాయంత్రం నా గదిలో, మర్నాడు మధ్యాహ్నం హోటల్లో భోజనం చేస్తూ, వాటినే చూస్తూ కూర్చున్నాను. నీలం గడిలో టిక్కు పెడితే తాడు దాటి ఆ ఖాళీ కుర్చీలో కూర్చోవచ్చు. ఒక్క గీత. దానికి ఇంత ఆలోచనా అని నన్ను నేను కసురుకున్నాను కూడా. కానీ నిజం వేరు. చిన్నప్పుడు అమ్మకు టైఫాయిడ్ వచ్చినప్పుడు నమ్మాను. తగ్గాక మానేశాను. ఆవిడ పోయాక మళ్ళీ నమ్మాను, తిట్టడానికి ఎవరో ఒకరు ఉండాలి గనక. తిట్టి తిట్టి విసుగొచ్చాక ఎవరూ లేరనిపించింది. ఇప్పటికీ వర్షం మొదలయ్యే ముందు గాలి వీస్తే ఏదో ఉన్నట్టుంటుంది, వర్షం పడ్డాక గొడుగు వెతుక్కోవడంలో మరిచిపోతాను. ఏ గడిలో పెట్టను? ఒక దీపం పెట్టనందుకు ఆడపడుచును వదులుకున్న మనిషి ఎదుట, ఆడుకోవడం కోసం పెట్టిన టిక్కుతో వెళ్ళి కూర్చుంటే, పావులు పేర్చేలోపల ఆవిడ కనిపెట్టేస్తారు. ముప్ఫై మూడేళ్ళు గొంతులు విన్న మనిషి.

అయిదుకి రెండు నిమిషాలు ఉండగా కేంద్రానికి వెళ్ళాను. హైమవతి గారు వచ్చారు. పావులు పేరుస్తున్నారు. ఫ్లాస్కు తెచ్చుకోలేదు. అటువైపు చాప మీద ఒకాయన పాచిక విసిరి ఎవరినో తలుచుకున్నాడు. నేను రాసుకోలేదు.

"ఫారం ఇచ్చీండి బాబూ," అన్నాడు పైడిరాజు. ఇచ్చాను. అటూ ఇటూ తిప్పాడు. "ఇందల ఏటీ నేదు గదా."

"లేదు."

"అయితే బెంచీ మీద కూడా కూకోనేరు మీరు. బయటకెల్లాల."

"బెంచీ మీద కూర్చోనులే," అన్నాను. తాడు కిందుగా వంగి అటువైపు లేచాను. నడుము పట్టేసింది. ఖాళీ కుర్చీ వెనక్కి లాగి కూర్చున్నాను. పక్క బల్లల దగ్గర నలుగురు అవిశ్వాసులూ ఆట ఆపి చూశారు. తాడుకు ఆవల రంగాచార్యులు గారు కూడా, పాచిక పిడికిట్లో పట్టుకుని, మెడ చాచారు.

హైమవతి గారు నన్ను చూడలేదు. పావుల్ని సరిచేస్తూ అడిగారు. "ఏ గడిలో పెట్టావ్?"

"పెట్టలేదండి."

"ఎందుకని?"

"తెలియదండి నాకు. ఉన్నాడో లేడో."

"ఈ మాట చెప్పడానికి ఐదేళ్ళు పట్టిందన్నమాట," అన్నారు ఆవిడ. తర్వాత పావుల్ని చూపించారు. "గుర్రం సంగతి నిన్న పక్కింటి పిల్ల చెప్పింది. ఏనుగు తిన్నగా పోతుందట. మిగతావి దారిలో తెలుసుకుంటాను. తెల్లవి నీవి. కానియ్."

పైడిరాజు రిజిస్టరు చంకలో పెట్టుకుని మా బల్ల దగ్గరికి వచ్చాడు. వాడి ముఖంలో కోపం లేదు, దిగులే ఉంది. "మీ పేరెదట ఏటి రాసుకోమంతారు బాబూ? నమ్మినోలనా, నమ్మనోలనా? ఏదోటి రాయకపోతే నా మీదకొస్తాది."

"ఆడుతున్నాడని రాసుకో," అన్నారు హైమవతి గారు.

వాడు కలం నోట్లో పెట్టుకుని ఆలోచిస్తూ అక్కడే నిలబడిపోయాడు. బయట కమిషనర్ గారి జీపు ఆగిన చప్పుడైంది. ఎన్ని ఎత్తుల తర్వాత నన్ను లేపుతారో నేను అంచనా వేయబోయి, మానుకున్నాను. హైమవతి గారు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఎదురుచూస్తున్నారు.

రాజు ముందున్న బంటును తీసి రెండు గళ్ళు ముందుకు పెట్టాను.